రెండోసారి ఎవరు కొంటారు?

ప్రశ్న: ఉద్యోగరీత్యా రెండేళ్ళు నెదర్లాండ్స్‌లో ఉన్నాను. ప్రతి శనివారం అక్కడి సంతలో అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే స్ట్రూప్‌వాఫుల్ తినకపోతే ఆ వారం గడిచినట్టే ఉండేది కాదు. రెండు పలుచని వాఫుల్ రేకుల మధ్య వేడి వేడి పాకం. తిరిగి వచ్చి మూడేళ్ళయింది. అక్కడి నుంచి తెచ్చుకున్న పెనం మీద ఇంట్లోనే చేస్తున్నాను. తిన్నవాళ్ళందరూ దుకాణం పెట్టమంటున్నారు. ఇక్కడ ఇది ఎక్కడా దొరకదు కూడా. ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బుకు కొంత అప్పు జోడించి యంత్రాలు తెప్పించాలని ఉంది. అమ్మ ససేమిరా అంటోంది. అక్కడి నుంచి తెప్పించి అమ్మాలా, నేనే తయారుచేయాలా? ముందు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇక్కడ ఇది ఎక్కడా దొరకదు" అని రాశారు. దాన్ని మీరు అవకాశంగా చూస్తున్నారు. నిజంగా అవకాశమే కావచ్చు. కానీ ఒక వస్తువు ఒక చోట దొరకలేదంటే దానికి ఎన్నో కారణాలుంటాయి. ఎవరికీ తట్టకపోవడం వాటిలో ఒకటి మాత్రమే. ఎవరో తెప్పించి, అమ్ముడుపోక మానేసి ఉండవచ్చు. ఆ వాతావరణానికి సరుకు నిలవకపోయి ఉండవచ్చు. దిగుమతి ఖర్చులన్నీ కలిపితే ఎవరూ కొనలేని ధర అయి ఉండవచ్చు. దిగుమతిదారులను ఇద్దరు ముగ్గురిని, పెద్ద దుకాణాల్లో సరుకు కొనే బాధ్యత చూసేవాళ్ళను కలిసి "ఇది ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఏమైంది?" అని అడగండి. మీ పని అక్కడ మొదలవ్వాలి. యంత్రాల సంగతి ఆ తరువాత.

ఇక తిన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారన్న మాట. ఆ మెప్పు అబద్ధమని నేను అనను. కానీ మీ ఇంట్లో తిన్నవాళ్ళు డబ్బు ఇవ్వలేదు. మీ ముఖం చూస్తూ, మీ నెదర్లాండ్స్ కబుర్లు వింటూ తిన్నారు. కొత్త రుచిని మొదటిసారి ఎవరైనా కుతూహలంతో కొంటారు. మీ వ్యాపారాన్ని నిలబెట్టేది మాత్రం మిమ్మల్ని ఎరగని మనిషి, తగ్గింపు ధర ఏమీ లేకుండా, రెండు వారాల తరువాత తనంతట తాను మళ్ళీ వచ్చి కొనే ఆ రెండో వాఫుల్. మీకు నేను చెప్పబోయేదంతా ఆ రెండో కొనుగోలు చుట్టూనే తిరుగుతుంది.

అసలు మీరు ప్రేమించింది దేనిని? ఇది కవిత్వం కోసం అడుగుతున్న ప్రశ్న కాదు. శనివారం ఉదయం, చల్లని గాలి, పెనం మీద వెన్న వాసన, కాగితంలో చుట్టి ఇచ్చిన వేడి వాఫుల్, వేళ్ళకు అంటుకున్న పాకం, వారం పని ముగిసిన తీరుబాటు. ఇందులో వాఫుల్ ఒక భాగం. మిగిలినవి మీరు పెట్టెలో పెట్టి అమ్మలేరు. అందువల్ల దేనిని అట్టే పెట్టాలో, దేనిని వదిలేయాలో ముందుగా తేల్చుకోవాలి. విదేశీ రుచితో వ్యాపారం చేసి నిలబడినవాళ్ళ చరిత్రలు చూస్తే, వాళ్ళు గెలిచింది సరిగ్గా ఇక్కడే.

స్టార్‌బక్స్ కాఫీ దుకాణాలను ప్రపంచమంతటికీ తీసుకెళ్ళిన హోవార్డ్ షుల్ట్జ్ సంగతి చూడండి. 1983లో ఆయన ఇటలీలోని మిలాన్ వెళ్ళారు. అప్పటికి ఆయన పనిచేస్తున్న స్టార్‌బక్స్ కాఫీ గింజలు అమ్మే సంస్థ, కప్పుల్లో కాఫీ పోసి అమ్మేది కాదు. మిలాన్‌లో ఎస్‌ప్రెసో అనే చిక్కటి కాఫీ పోసి ఇచ్చే బార్లు చూసి ఆయన మనసు పారేసుకున్నారు. స్టార్‌బక్స్ యజమానులు ఆ దారిలో పూర్తిగా వెళ్ళడానికి ఇష్టపడకపోతే, బయటికి వచ్చి 1986లో అమెరికాలోని సీయాటిల్‌లో "ఇల్ జోర్నాలే" అనే సొంత దుకాణం తెరిచారు. మిలాన్‌ను ఉన్నదున్నట్టు తేవాలన్నది ఆయన తపన. ఒపేరా సంగీతం పెట్టారు, వడ్డించేవాళ్ళకు బో టైలు కట్టారు, పట్టికలో ఇటాలియన్ మాటలు నింపారు, నిలబడి తాగాలని కుర్చీలు కూడా వేయలేదు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చోటేదని అడిగారు, ఒపేరా విసుగ్గా ఉందన్నారు. ఆయన కుర్చీలు వేశారు, సంగీతం మార్చారు. కాఫీ నాణ్యతను, దాన్ని తయారుచేసే పద్ధతిని మాత్రం వదలలేదు. 1987లో ఆ చిన్న సంస్థే స్టార్‌బక్స్‌ను 38 లక్షల డాలర్లకు కొనేసింది. ఇటలీలో స్టార్‌బక్స్ మొదటి దుకాణం, మిలాన్‌లోనే, 2018లో గాని తెరుచుకోలేదు.

ఆ కుర్చీల దగ్గర ఆయన పట్టుదలకు పోయి ఉంటే ఇవాళ ఆ పేరు మనం విని ఉండేవాళ్ళం కాదేమో. మీకూ ఇలాంటి కుర్చీ ఒకటి ఎదురవుతుంది. తీపి ఎక్కువైందని అనవచ్చు, దాల్చినచెక్క వాసన వద్దనవచ్చు, పరిమాణం సగం చేయమనవచ్చు. అప్పుడు మీకు కోపం వస్తుంది, "అసలైనది ఇలా ఉండదు" అనాలనిపిస్తుంది. ఆ రోజు కోసం ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఏవి మారిస్తే ఇది స్ట్రూప్‌వాఫుల్ కాకుండా పోతుంది? నా లెక్కలో అవి రెండే. రేకులు పలుచగా ఉండాలి, పాకం మెత్తగా సాగాలి. మిగిలినదంతా బేరానికి వస్తుంది.

రెండో ఉదాహరణ రెడ్ బుల్ అనే ఎనర్జీ డ్రింక్. ఆస్ట్రియాకు చెందిన డీట్రిచ్ మాటెషిట్జ్ టూత్‌పేస్టు కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగి. 1982లో థాయిలాండ్ వెళ్ళినప్పుడు "క్రాటింగ్ డేంగ్" అనే పానీయం తాగారు. అక్కడ అది లారీ డ్రైవర్లు, కూలీలు తాగే చవక పానీయం. చాలామంది అయితే ఇంటికి వచ్చి దాన్ని నకలు చేసేవాళ్ళు. ఆయన ఆ పానీయాన్ని తయారుచేసిన చలేయో యూవిధ్య దగ్గరికే వెళ్ళి భాగస్వామ్యం అడిగారు. 1984లో ఇద్దరూ చెరో 5 లక్షల డాలర్లు పెట్టి సంస్థ మొదలుపెట్టారు. చెరో 49 శాతం వాటా, మిగిలిన 2 శాతం చలేయో కుమారుడికి. తీపి తగ్గించి, గ్యాస్ కలిపి, సన్నని డబ్బాలో పెట్టి 1987లో ఆస్ట్రియాలో అమ్మకానికి తెచ్చారు. సంస్థ పుట్టిన నాటి నుంచి మొదటి డబ్బా అమ్ముడుపోయే దాకా మూడేళ్ళు పట్టిందన్నది గమనించండి. పుట్టినచోట కూలీల పానీయం, కొత్తచోట ఖరీదైన పానీయం అయింది. వస్తువు దాదాపు అదే, కొనే మనిషి మారిపోయాడు.

మీ వాఫుల్‌ను కొనే ఆ మనిషి ఎవరు? సాయంత్రం కాఫీతో ఏదైనా కావాలనుకునే ఉద్యోగా? బహుమతి పెట్టె కొనే అతిథా? బడి నుంచి వచ్చే పిల్లవాడా? "అందరూ" అని మాత్రం చెప్పకండి. ముగ్గురికీ మూడు పరిమాణాలు, మూడు ధరలు, మూడు రకాల పెట్టెలు కావాలి.

ఇప్పుడు అసలు వస్తువు దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మీకు తెలిసిందే అయినా, వ్యాపారి కళ్ళతో ఒకసారి చూడండి. పిండి, వెన్న, పంచదార, గుడ్డు, పాలు, ఈస్టు కలిపిన ముద్దను వేడి పెనాల మధ్య నొక్కి కాలుస్తారు. కాలిన పలుచని వాఫుల్‌ను వేడిగా ఉండగానే అడ్డంగా రెండు రేకులుగా చీల్చాలి. చల్లారిందా, పెళుసెక్కి ముక్కలవుతుంది. ఆ కొద్ది క్షణాల చేతివాటమే మీ వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైన భాగం. మీరొక్కరూ గంటకు ఎన్ని చీల్చగలరు? పదింటిలో ఎన్ని విరుగుతున్నాయి? మీరు లేని రోజు మరొకరు చేస్తే ఎన్ని విరుగుతాయి? వచ్చే నెలంతా గడియారం పక్కన పెట్టుకుని లెక్క రాయండి. పాకం సంగతీ అంతే. ఒక్క క్షణం ముదిరితే పంటికి అంటుకుంటుంది, లేతగా దించితే అంచుల నుంచి కారిపోతుంది. కంటి గురి ఇంటికి చాలుతుంది. దుకాణానికి థర్మామీటర్ కావాలి. ఎన్ని డిగ్రీల దగ్గర దించారో ప్రతిసారీ రాసి పెట్టుకోవాలి.

ఇంకొక సంగతి కంటికి కనిపించదు. పాకంలోని తేమ మెల్లగా రేకుల్లోకి పాకుతుంది. రెండూ సమానమయ్యేదాకా ఆ ప్రయాణం ఆగదు. ప్యాకెట్‌లోని స్ట్రూప్‌వాఫుల్ మెత్తగా ఉండడానికి కారణం అదే. బయటి గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రేకు దాన్ని కూడా పీల్చి మరీ మెత్తబడిపోతుంది. గాలి మరీ పొడిగా ఉంటే గట్టిపడుతుంది. ఆహార పరిశోధకులు సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటిని 0 నుంచి 1 వరకు ఉండే కొలతతో చెబుతారు. అది 0.85కు దిగువన ఉంటే రోగకారక బాక్టీరియా సాధారణంగా పెరగదు. బూజుకు అంతకన్నా తక్కువ నీరు చాలు, దాదాపు 0.6 వరకు దానికి ఆశ ఉంటుంది. మీ వాఫుల్ ఎక్కడ ఉందో నాలుకకు తెలియదు. ఆహార పరీక్షల ప్రయోగశాలకు నమూనాలు ఇస్తే చెబుతారు. వెన్న ఉంది కాబట్టి వెలుతురు, గాలి తగిలితే ముక్కిన వాసన వస్తుంది. అందుకే గాలిని, తేమను, వెలుతురును ఆపే ప్యాకింగ్ కావాలి. అది మామూలు ప్లాస్టిక్ సంచి కన్నా ఖరీదు.

ఈ కారణంగానే మీ ప్రశ్నను కొంచెం మార్చి అడుగుతాను. తెప్పించాలా, తయారుచేయాలా అన్నది తరువాత. పెనం మీద నుంచి తీసి వేడిగా ఇచ్చే వాఫుల్ అమ్ముతారా, ప్యాకెట్‌లో పెట్టి అరల్లో అమ్ముతారా? పేరు ఒకటే అయినా ఇవి రెండు వేర్వేరు వ్యాపారాలు. వేడిది అమ్మితే నిల్వ సమస్య దాదాపు లేదు. వాసనే ప్రచారం చేస్తుంది. కొనేవాళ్ళ ముఖం మీకు కనిపిస్తుంది. కానీ మనిషి నిలబడాలి, నలుగురు తిరిగే చోటు కావాలి. ప్యాకెట్ అయితే దూరాలకు వెళుతుంది. కానీ అరలో దాని పక్కన వంద రకాల బిస్కెట్లు ఉంటాయి, మీరు అక్కడ ఉండరు, దాని గురించి చెప్పేవాళ్ళూ ఉండరు. మీరు ప్రేమించింది వేడి వాఫుల్. మీరు కొనాలనుకుంటున్న యంత్రాలు ప్యాకెట్ వాఫుల్‌కు. ఈ తేడా మీ ఉత్తరంలో నాకు స్పష్టంగా కనిపించింది. మీరు గమనించలేదనుకుంటాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగం మానకండి. అప్పు చేయకండి. ఆహారం అమ్మడానికి మీ ప్రాంతంలో కావలసిన అనుమతి తీసుకుని, వారాంతాల్లో ఒక చిన్న బల్ల అద్దెకు తీసుకోండి. రెండు పెనాలు, పూర్తి ధర, మొహమాటపు ఉచితాలు లేకుండా మూడు నెలలు వేడి వాఫుల్ అమ్మండి. స్నేహితులు, బంధువులు కొన్నవి లెక్కలోకి తీసుకోవద్దు. కొత్తవాళ్ళు 50 మంది కొన్న తరువాత, వాళ్ళలో ఎంతమంది నెల లోపల మళ్ళీ వచ్చారో చూడండి. చిన్న కార్డు ఇచ్చి మళ్ళీ వచ్చినప్పుడు ముద్ర వేస్తే లెక్క తేలిపోతుంది. పది పన్నెండు మంది కూడా రాకపోతే రుచినో, పరిమాణాన్నో, ధరనో, చోటునో మార్చి మళ్ళీ మొదలుపెట్టండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

అదే సమయంలో నెదర్లాండ్స్ నుంచి రెండు మూడు కంపెనీల ప్యాకెట్లు తెప్పించుకోండి. అమ్మడానికి కాదు. మీ ఇంట్లో, మీ వాతావరణంలో, అరలో పెట్టి వారం వారం ఒకటి విప్పి చూడండి. ఎన్నో వారంలో రేకు మెత్తబడింది, ఎప్పుడు వెన్న వాసన మారింది, లేబుల్ మీద ఏమేం రాశారు, పెట్టె లోపలి పొర ఎలాంటిది. పాఠం చెప్పడానికి ఆ ప్యాకెట్లు చాలు. ప్యాకెట్ల వ్యాపారమే కావాలనిపిస్తే అప్పుడు కూడా సొంత యంత్రాలకు ముందు, ఇతరుల కోసం తయారుచేసి పెట్టే బేకరీలతో ఒక చిన్న విడత చేయించి చూడండి. యంత్రం కొన్న మర్నాటి నుంచి మీరు దాని ఆకలి తీర్చాలి. గిరాకీ లేని నెలలో కూడా వాయిదా ఆగదు.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. ప్యాకెట్ ధర 100 అనుకుందాం. దుకాణం 30 ఉంచుకుంటే 70 మిగులుతుంది. పంపిణీదారు 15 తీసుకుంటే మీ చేతికి 55. అందులో సరుకులకు 22, ప్యాకింగ్‌కు 8, కూలికి 10, రవాణా, అద్దె, కరెంటు కలిపి 9 అయితే మిగిలేది 6. విరిగిన వాఫుల్, గడువు దాటి వెనక్కి వచ్చిన ప్యాకెట్లు, రుచి చూడమని పంచినవి, పన్నులు, అప్పు వడ్డీ ఇంకా తీయలేదు. మీ జీతం అసలే లేదు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. మీ అంకెలు మీరు వేసుకోండి. కానీ వరుస ఇదే ఉండాలి: కొనేవాళ్ళు ఇచ్చే ధర నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఖర్చు మీద లాభం కలిపి ధర పెట్టడం ఇంటి లెక్క. ఆ ధరకు ఎవరైనా కొంటారా అన్నది అందులో ఉండదు.

పేరు గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం నా బాధ్యత. స్ట్రూప్ అంటే డచ్ భాషలో పాకం. అంటే స్ట్రూప్‌వాఫుల్ అన్నది వస్తువు ఏమిటో చెప్పే మాటే తప్ప మీ సొంత పేరు కాలేదు. అలాంటి మాట మీద ఒక్కరికే హక్కు దక్కడం కష్టం. వియత్నాం నుంచి శరణార్థిగా వెళ్ళిన డేవిడ్ ట్రాన్ 1980లో అమెరికాలో మిరప సాస్ వ్యాపారం మొదలుపెట్టారు. థాయిలాండ్‌లోని సీ రాచా అనే ఊరి పేరు మీద పుట్టిన శ్రీరాచా అన్న మాటను ఆయన ట్రేడ్‌మార్కు చేయించలేదు. సాస్‌కు ఆదరణ పెరిగాక ఎన్నో కంపెనీలు అదే మాటతో తమ సాస్‌లు తెచ్చాయి. ఆయనకు ప్రత్యేకంగా మిగిలింది సీసా మీది కోడిపుంజు బొమ్మ. మీకు కూడా అలాంటి కోడిపుంజు ఒకటి కావాలి. సొంత పేరు, గుర్తు ఆలోచించి, మొదటి ప్యాకెట్ అచ్చు వేయించక ముందే నమోదుకు దరఖాస్తు చేయండి.

ఉత్తరం చదివే ఇతరులలో ఎవరైనా జున్ను (చీజ్), మద్యం వంటివి మనసులో పెట్టుకుని ఉంటే వాళ్ళకు మరో హెచ్చరిక. కొన్ని పేర్లు పుట్టిన నేలకే చెందుతాయి. ఫెటా అన్న పేరు ఐరోపా సమాఖ్యలో 2002 నుంచి గ్రీసు జున్నుకు మాత్రమే దక్కింది. తన కంపెనీలు ఆ పేరుతో సమాఖ్య బయటికి ఎగుమతి చేస్తుంటే ఆపలేదని 2022లో ఐరోపా న్యాయస్థానం డెన్మార్క్‌ను తప్పుపట్టింది. కొన్ని ఆహారాలైతే పేరుతో నిమిత్తం లేకుండా సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. స్కాట్లాండ్ వాళ్ళ హగ్గిస్ అనే మాంసపు వంటకంలో గొర్రె ఊపిరితిత్తులు ఉంటాయి, అమెరికా 1971లో ఊపిరితిత్తులను ఆహారంగా నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో 1997 మే 15కు ముందు చెప్పుకోదగినంతగా వాడకంలో లేని ఆహారాన్ని అమ్మాలంటే ముందుగా అనుమతి కావాలి. మీ వాఫుల్‌కు ఇలాంటి చిక్కులు తక్కువే. అయితే గోధుమ, పాలు, గుడ్డు మూడూ అలర్జీ కలిగించే పదార్థాల జాబితాల్లో ఉంటాయి. లేబుల్ మీద వాటిని స్పష్టంగా రాయాలి. వేడి వాఫుల్ అమ్మే బల్ల మీద కూడా రాసి పెట్టండి. చట్టం అడిగినా అడగకపోయినా, ఒక పిల్లవాడి ప్రాణం సంగతి అది.

వీలైతే ఈ ఏడాది సెలవుల్లో గౌడా వెళ్ళండి. స్ట్రూప్‌వాఫుల్ పుట్టిన ఊరు అదే. సంతలో ఎవరి దగ్గర తిన్నారో వాళ్ళను వెతకండి. "మీ వాఫుల్ నా ఊళ్ళో చేయాలనుకుంటున్నాను, ఒక వారం మీ దగ్గర ఊరికే పనిచేయనివ్వండి" అని అడగండి. కాదంటే కాదంటారు. ఒప్పుకుంటే మీ చేతులు మూడేళ్ళలో నేర్చుకోనిది ఆ వారంలో నేర్చుకుంటాయి. ఒకరి ప్రత్యేకమైన పాళ్ళు వాడుకోవాలనుకుంటే అనుమతి తీసుకోండి. ప్రతిఫలం మాట్లాడుకోండి. ఎక్కడి నుంచి నేర్చుకున్నారో పెట్టె మీద గౌరవంగా రాయండి. మాటెషిట్జ్ తయారీదారు దగ్గరికే వెళ్ళడం నాకు ఎంతో నచ్చిన పని. దానివల్ల ఆయనకు నష్టం ఏమీ రాలేదు.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆవిడ వాఫుల్‌ను కాదంటున్నారో, అప్పును కాదంటున్నారో అడిగారా? నా ఊహ అప్పునే అని. యంత్రాల ఆలోచన పక్కన పెట్టి, వారాంతపు బల్ల గురించి చెప్పి చూడండి. పోతే ఎంత పోతుందో ముందే ఒక అంకె అనుకుని ఆవిడకు చెప్పండి. అది దాటితే ఆపేస్తానని మాట ఇవ్వండి, నిలబెట్టుకోండి. లెక్కల పుస్తకం ఆవిడ చేతికే ఇస్తే ఇంకా మంచిది. విరిగిన వాఫుల్‌లను లెక్కపెట్టడానికి మీకన్నా జాలి తక్కువ ఉన్న మనిషి ఒకరు కావాలి. మూడు నెలల తరువాత ఆ పుస్తకంలో ఏముందో నాకు రాయండి. మళ్ళీ వచ్చినవాళ్ళ సంఖ్యను మొదటి వరుసలో రాయడం మరచిపోకండి.